టులెట్ బోర్డు నుంచి పెళ్లి బయోడేటా దాకా: మన వివరాలు మోసగాడికి చిక్కకుండా ఏం చేయాలి?

"ఫోన్‌లో ఏ సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది?" అన్నదే అందరి ప్రశ్న. సెట్టింగులు సగం పనే. మిగతా సగం గేటుకు కట్టిన టులెట్ బోర్డు మీద, జిరాక్స్ షాపు కంప్యూటర్లో, అమ్మాయి పెళ్లి బయోడేటాలో, బట్టల షాపు లక్కీ డ్రా డబ్బాలో ఉంది. రెండూ ఏ వరసలో చేసుకోవాలో కింద ఉంది. బ్యాంకుకు, ఆధార్ కేంద్రానికి వెళ్లే పని పక్కన పెడితే, ఒక మనిషికి ఒక ఆదివారం పూట చాలు. ఇంట్లో నలుగురుంటే రెండు ఆదివారాలు పెట్టుకోండి.

ముందుగా, వివరాలు ఎలా పోగవుతాయో చూద్దాం. విశాఖ సీతమ్మధారలో మేడ మీద పోర్షన్ ఖాళీ అయిందనుకోండి. గేటుకు బోర్డు, బోర్డు మీద ఫోన్ నంబరు. అదే నంబరు ఆన్‌లైన్ ప్రకటనలోనూ ఉంది. ఆ నంబరును ఎవరైనా యూపీఐ యాప్‌లో కొడితే, రూపాయి పంపకుండానే బ్యాంకు ఖాతాలోని పూర్తి పేరు తెర మీద కనిపిస్తుంది. ఆ పేరును ఫేస్‌బుక్‌లో వెతికితే స్టీల్ ప్లాంట్‌లో పదవీ విరమణ సన్మానం ఫొటో, శాలువా, వెనకాల ఫ్లెక్సీ మీద విభాగం పేరు, తేదీ. కింద కామెంట్లలో "మావయ్యా కంగ్రాట్స్", "నాన్నా, మిస్ యూ, డాలస్ నుంచి". ఇదంతా పది నిమిషాల పని.

మర్నాడు ఫోను. "నమస్తే సార్, నేవీలో పనిచేస్తున్నాను, కొచ్చి నుంచి వైజాగ్ ట్రాన్స్‌ఫర్ అయింది. మీ ఇల్లు నచ్చింది, అడ్వాన్స్ ఇప్పుడే వేసేస్తాను. మా అకౌంట్స్ సెక్షన్ వాళ్లు క్యూఆర్ పంపుతారు, స్కాన్ చేసి పిన్ కొట్టండి." నేవీ వాళ్లు ఇళ్లు వెతుక్కునే ఊరు కాబట్టి ఇక్కడ ఎవరికీ అనుమానం రాదు. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదన్న సంగతి ఆ క్షణంలో తట్టదు.

ఇందులో ఏ ముక్కా విడిగా ప్రమాదం కాదు. రెండు ముక్కలు కలిసినప్పుడే అవతలివాడికి పట్టు దొరుకుతుంది. అందుకే అన్నీ దాచుకుని కూర్చోమని చెప్పడం లేదు. ఈ జతలు ఒకచోట కలవకుండా చూడడమే పని:

- పేరు, బ్యాంకుకిచ్చిన ఫోన్ నంబరు
- పేరు, పుట్టిన సంవత్సరం
- ఆధార్ నంబరు, వేలిముద్ర
- మీ ఫొటో, మీ స్నేహితుల జాబితా
- ఇంటి అడ్రసు, ఊళ్లో లేని తేదీలు
- ఫిర్యాదు చేసిన విషయం, ఫోన్ నంబరు

రెండో జత చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్ ఫైలుకు పాస్‌వర్డ్ ఏమిటో తెలుసుగా? ఇంగ్లీషులో పేరులోని మొదటి నాలుగు పెద్దక్షరాలు, ఆ పక్కన పుట్టిన సంవత్సరం. "హ్యాపీ సిక్స్‌టియత్ బర్త్‌డే" అని కేకు ఫొటో పెట్టారంటే ఆ తాళంచెవి బజార్లో పెట్టినట్టే.

1. మొదలుపెట్టే ముందు

☐ ఆధార్‌కు లింకైన సిమ్ చేతిలో ఉండాలి, అందులో రీఛార్జ్ ఉండాలి. ఓటీపీలన్నీ దానికే వస్తాయి.
☐ ఒక నోటుబుక్కు. మార్చినవి, ఇంకా మార్చాల్సినవి రాసుకోవడానికి. పాస్‌వర్డ్‌లు మాత్రం అందులో రాయకండి.
☐ ఇంట్లో మరొకరి ఫోన్, మీ అకౌంట్లు లాగిన్ అయి లేనిది.
☐ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు కూడా పక్కన పెట్టుకోండి.

ఫోన్ సాఫ్ట్‌వేర్, వాట్సాప్, ఫేస్‌బుక్ మూడింటినీ ముందే అప్‌డేట్ చేయండి. పాత వెర్షన్‌లో కింద చెప్పిన మెనూలు కొన్ని కనిపించవు, "మా ఫోన్‌లో ఆ ఆప్షనే లేదు" అని అక్కడితో ఆగిపోతారు.

2. ముందు బయటివాడి కళ్లతో చూడండి

సెట్టింగులు ముట్టుకోకముందే ఈ పని చేయాలి. మార్చేశాక వెతికితే అంతకుముందు ఏం బయటపడి ఉందో తెలియదు.

లాగిన్ లేని ఫోన్‌లో మీ పేరు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ, పక్కన ఊరి పేరు లేదా ఆఫీసు పేరు చేర్చి వెతకండి. తర్వాత మీ ఫోన్ నంబరును కోట్స్‌లో పెట్టి వెతకండి, ఒకసారి పది అంకెలూ కలిపి, మరోసారి అయిదు అంకెల తర్వాత ఖాళీ వదిలి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ జాబితా, కాలేజీ పూర్వ విద్యార్థుల ఫైలు, ఎప్పుడో పెట్టిన సెకండ్ హ్యాండ్ బండి ప్రకటన లాంటివి ఇలాగే బయటపడతాయి.

తర్వాత ఇంట్లోవాళ్ల యూపీఐ యాప్‌లో మీ నంబరు కొట్టి ఏ పేరు వస్తోందో చూడండి. చివరగా ఫేస్‌బుక్‌లో మీకు స్నేహితులు కానివాళ్ల అకౌంట్ నుంచి మీ పేజీ తెరవండి. కనిపించినవన్నీ నోటుబుక్కులో రాసుకోండి. తీసేయగలిగేవి ఈ రోజే తీసేయండి, తీసేయలేనివాటికి ఆ సైటు నిర్వాహకులకు మెయిల్ పెట్టండి.

3. ఫోన్ నంబరును రెండుగా విడదీయండి

అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే. ఎక్కువ విసిగించేదీ ఇదే.

ఒక నంబరు లోకానికి: వాట్సాప్, కూరగాయల కొట్టు, కొరియర్, టులెట్ బోర్డు. రెండోది బ్యాంకుకు, ఆధార్‌కు, పీఎఫ్‌కు మాత్రమే. ఈ రెండోది బంధువులకు కూడా ఇవ్వకండి, దాంతో వాట్సాప్ తెరవకండి. ఇక లోకం నంబరుకు "మీ ఖాతా బ్లాక్ అయింది" అని ఎవడు ఫోన్ చేసినా, వాడు బ్యాంకువాడు కాదని విననక్కర్లేకుండానే తెలిసిపోతుంది. బ్యాంకు దగ్గర ఆ నంబరే లేదు కదా.

పాత నంబరు ఊరందరి దగ్గరా ఉంటుంది కాబట్టి దాన్ని లోకానికే వదిలేసి, బ్యాంకుకు కొత్త సిమ్ తీసుకోవడం తేలిక. మార్చే వరస ఇది:

1) కొత్త సిమ్ మీ పేరు మీదే తీసుకోండి. కొడుకు పేరు మీదో, షాపువాడు ఇచ్చిందో వద్దు.
2) ఆధార్‌లో నంబరు మార్పించండి. మిగతా చోట్ల ఓటీపీ దాని ద్వారానే వస్తుంది కాబట్టి ఇది ముందుండాలి.
3) బ్యాంకు శాఖకు వెళ్లి మార్చండి. రెండు బ్యాంకులుంటే రెండూ.
4) పీఎఫ్, డిజీలాకర్, పాన్, బీమా.
5) అన్నీ మారాయని తేలాక యూపీఐ యాప్‌ను కొత్త సిమ్‌తో మళ్లీ నమోదు చేయండి.

ఇక్కడ తరచూ దెబ్బతినేది రెండు చోట్ల. మొదటిది, సగం పని అయ్యాక పాత సిమ్ తీసి పక్కన పడేయడం. అప్పుడు పీఎఫ్ ఓటీపీ పాత నంబరుకు వెళ్తుంది, మీ దగ్గర అది ఉండదు. రెండోది, కొత్త సిమ్‌కు రీఛార్జ్ మరచిపోవడం. 90 రోజులు వాడకం లేని ప్రీపెయిడ్ నంబరును కంపెనీ ఆపేసి తర్వాత ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. మీ బ్యాంకు ఓటీపీ ముక్కూమొహం తెలియని మనిషికి చేరుతుంది. ఫోన్ క్యాలెండర్‌లో రీఛార్జ్ తేదీ పెట్టుకోండి.

రెండు నంబర్లు కుదరదంటే కనీసం ఇది చేయండి. యూపీఐ యాప్‌లో ప్రొఫైల్‌లోకి వెళ్తే యూపీఐ ఐడీలు కనిపిస్తాయి. మామూలుగా ఫోన్ నంబరే ఐడీగా ఉంటుంది. నంబరు లేని కొత్త ఐడీ పెట్టుకుని, తెలియనివాళ్లకు అదే ఇవ్వండి.

ఇదే ఊపులో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైటులో "నో యువర్ మొబైల్ కనెక్షన్స్" తెరిచి మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూడండి. నంబరు కొట్టి ఓటీపీ ఇస్తే జాబితా వస్తుంది. మీది కానిదానికి "నాట్ మై నంబర్" అని గుర్తు పెట్టి పంపండి. ఎప్పుడో ఇచ్చిన ఆధార్ జిరాక్స్‌తో సిమ్ తీసి ఉంటే ఇక్కడే బయటపడుతుంది.

4. వాట్సాప్

సెట్టింగ్స్‌లో ప్రైవసీ తెరవండి.

☐ ప్రొఫైల్ ఫొటో, అబౌట్, లాస్ట్ సీన్, స్టేటస్: నాలుగూ "మై కాంటాక్ట్స్"
☐ గ్రూప్స్: "మై కాంటాక్ట్స్". "ఎవ్రీవన్" అని ఉంటే షేర్ మార్కెట్ లాభాల గ్రూపుల్లో మిమ్మల్ని అడక్కుండానే చేర్చేస్తారు.
☐ కాల్స్: "సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్" ఆన్
☐ అకౌంట్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్: ఆరంకెల పిన్. పుట్టినతేదీ వద్దు, బండి నంబరు వద్దు.
☐ లింక్డ్ డివైజెస్: మీరు వాడని కంప్యూటర్ ఏదైనా కనిపిస్తే వెంటనే లాగౌట్
☐ స్టోరేజ్ అండ్ డేటాలో ఆటో డౌన్‌లోడ్: డాక్యుమెంట్స్ ఆఫ్

చివరిది ఎందుకంటే, శుభలేఖ పేరుతో, చలానా పేరుతో, కరెంటు బిల్లు పేరుతో ఏపీకే ఫైళ్లు వస్తున్నాయి. శుభలేఖ అంటే ఫొటో అయినా అయి ఉండాలి, పీడీఎఫ్ అయినా, వీడియో అయినా. పేరు చివర ఏపీకే అని ఉంటే అది ఫోన్‌లో దిగే యాప్. దింపితే మీ మెసేజీలన్నీ అవతలివాడు చదువుతాడు. పంపింది సొంత బావమరిదే అయినా సరే, అతని ఫోన్ అప్పటికే మోసగాళ్ల చేతిలో పడి ఉండొచ్చు.

అపార్ట్‌మెంట్ గ్రూపులో "ఫ్లాట్ 304, పది రోజులు ఊళ్లో ఉండం, పాలు వద్దు" అని పెట్టడం మానండి. ఆ మాట వాచ్‌మన్‌కో, పాలబ్బాయికో నేరుగా చెప్పొచ్చు. ఆ గ్రూపులో పాత అద్దెవాళ్లు ఎంతమంది ఇంకా ఉన్నారో ఎవరికీ లెక్క ఉండదు. అరకు ఫొటోలు తిరిగొచ్చాక పెట్టినా పూలు అంతే పచ్చగా ఉంటాయి.

5. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్

ఫేస్‌బుక్‌లో ఒక్కటే మార్చడానికి ఓపిక ఉందంటే, స్నేహితుల జాబితా మూయండి. మీ ఫొటో, పేరు కాపీ కొట్టి నకిలీ అకౌంట్ తెరిచేవాడికి ఆ జాబితాయే పెట్టుబడి. అందులోని వాళ్లందరికీ రిక్వెస్టులు పంపి, "అర్జెంట్, 15 వేలు వెయ్యి, రేపు ఇచ్చేస్తా" అంటాడు.

సెట్టింగ్స్‌లో "హౌ పీపుల్ ఫైండ్ అండ్ కాంటాక్ట్ యూ" తెరిచి:

☐ ఫ్రెండ్స్ లిస్ట్ ఎవరికి కనిపించాలి: "ఓన్లీ మీ"
☐ ఫోన్ నంబరుతో, ఈమెయిల్‌తో వెతకడం: "ఓన్లీ మీ" లేదా "ఫ్రెండ్స్"
☐ సెర్చ్ ఇంజిన్లలో ప్రొఫైల్ కనిపించడం: ఆఫ్

పోస్టుల విభాగంలో పాత పోస్టులన్నిటినీ ఒకేసారి పరిమితం చేసే "లిమిట్ పాస్ట్ పోస్ట్స్" ఉంటుంది. ఒక్క నొక్కుతో పబ్లిక్‌గా ఉన్న పాతవన్నీ స్నేహితులకే పరిమితమవుతాయి. ప్రొఫైల్ పేజీలో మూడు చుక్కలు నొక్కి "లాక్ ప్రొఫైల్" కూడా చేయండి. పుట్టిన సంవత్సరం "ఓన్లీ మీ". తేదీ, నెల ఉంచుకోవాలంటే ఉంచుకోండి, శుభాకాంక్షలు అవే వస్తాయి.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. ఇంగ్లీషులో అంకుల్ అంటే ఎవరైనా కావచ్చు. మన కామెంట్లలో "పిన్నీ", "మావయ్యా", "వదినా" అని చుట్టరికం ఉన్నదున్నట్టు ఉంటుంది. పాత ఫ్యామిలీ ఫొటో కింద నలభై కామెంట్లు చదివితే వంశవృక్షం గీసేయొచ్చు. ప్రొఫైల్ లాక్ చేయని అకౌంట్‌లో కవర్ ఫొటో ఎప్పుడూ పబ్లిక్‌గానే ఉంటుంది, దాని కింద కామెంట్లు కూడా. అందుకే కవర్‌కు కైలాసగిరి నుంచి తీసిన సముద్రం పెట్టుకోండి, కుటుంబం ఫొటో వద్దు.

ఇన్‌స్టాగ్రామ్‌లో అకౌంట్ ప్రైవసీకి వెళ్లి ప్రైవేట్ చేయండి. ఆ తర్వాత ఫాలోవర్ల జాబితాలో తెలియనివాళ్లను ఒక్కొక్కరినే తీసేయండి. ప్రైవేట్ చేసినంత మాత్రాన అంతకుముందే లోపల ఉన్నవాళ్లు పోరు.

బ్యాంకు మీదో విమాన సంస్థ మీదో కోపమొచ్చి ఎక్స్‌లో ఫిర్యాదు రాసేటప్పుడు ఫోన్ నంబరు, టికెట్ నంబరు బహిరంగంగా పెట్టకండి. అలాంటి ఫిర్యాదుల కోసమే కాచుకుని కూర్చునేవాళ్లుంటారు. "కస్టమర్ కేర్ నుంచి, మీ రీఫండ్ గురించి" అని మీరు ఎదురుచూస్తున్న మాటే చెప్తారు. నంబరు అడిగితే నేరుగా మెసేజ్‌లో, అదీ అసలు అకౌంట్‌కే ఇవ్వండి.

6. ఆధార్, జిరాక్స్ షాపు

ద్వారకానగర్‌లో ఏ జిరాక్స్ షాపుకెళ్లినా గోడ మీద ఒక వాట్సాప్ నంబరు అతికించి ఉంటుంది. ఫైలు దానికి పంపితే ప్రింటు చేతికొస్తుంది. ప్రింటు మనతో వస్తుంది, ఫైలు అక్కడే ఉంటుంది: ఆ చాట్‌లో, కంప్యూటర్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో, చెత్తబుట్టలో. మీరు "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" కొట్టినా చాట్‌లోంచి పోతుందేమో గాని, అప్పటికే దిగిన ఫైలు కదలదు.

జిరాక్స్‌కు వెళ్లేటప్పుడు:

☐ వీలైతే కార్డు తీసుకెళ్లి ఎదురుగా కాపీ తీయించుకోండి, ఫైలు పంపకండి.
☐ పంపక తప్పకపోతే ప్రింటయ్యాక చాట్, డౌన్‌లోడ్స్, రీసైకిల్ బిన్ మూడింట్లోనూ తీసేయమని అడగండి. షాపు కుర్రాడు విసుక్కోవచ్చు, ఫరవాలేదు.
☐ అక్కడి కంప్యూటర్లో మీ వాట్సాప్ తెరిచి ఉంటే బయటికొచ్చే ముందే లింక్డ్ డివైజెస్‌లో లాగౌట్ చేయండి.
☐ వంకరగా వచ్చిన కాపీని బుట్టలో వేయనివ్వకండి, వెంట తెచ్చుకోండి.
☐ ప్రతి కాపీ మీద అడ్డంగా పెన్నుతో "ఫలానా గ్యాస్ కనెక్షన్ కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేసి సంతకం చేయండి. ఆ రాత ఫొటో మీదుగా పోవాలి, కార్డులోని అక్షరాలు మాత్రం కనిపించాలి. పక్కన తెల్లచోట రాస్తే కత్తిరించేస్తారు.

హోటల్ గదికి, అద్దె ఇంటికి, కాలేజీ హాస్టల్‌కు మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. మైఆధార్ సైటులో డౌన్‌లోడ్ చేసేటప్పుడు "మాస్క్‌డ్ ఆధార్" అన్న గడిలో టిక్ పెడితే చివరి నాలుగంకెలే కనిపించే ఫైలు వస్తుంది. మొదటి ఎనిమిది అంకెలు ఎవరికీ అక్కర్లేదు. ఒకసారి దింపి ఒక పది ప్రింట్లు ఇంట్లో ఉంచుకోండి.

ఇక వేలిముద్ర. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చిన్న మిషన్ మీద ఓటీపీ లేకుండానే ఖాతాలోంచి డబ్బు తీయొచ్చు. ఊళ్లో బ్యాంకు లేనివాళ్ల కోసం పెట్టిన ఏర్పాటు అది. స్థలాల రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలకు నకలు తీసి ఇదే దారిలో డబ్బు లాగేసిన కేసులున్నాయి. దీనికి మందు బయోమెట్రిక్ లాక్: మైఆధార్‌లో లాగిన్ అయి "లాక్/అన్‌లాక్ బయోమెట్రిక్స్" నొక్కాలి.

లాక్ చేశాక ఏమవుతుందో ముందే తెలుసుకోండి, లేకపోతే ఇంట్లో రచ్చవుతుంది. ఒకటో తారీఖున పింఛను ఇవ్వడానికి వార్డు సచివాలయం వాళ్లు వస్తారు, మీ అమ్మగారు వేలు పెడతారు, మిషన్ మీద 330 ఎర్రర్ వస్తుంది. వేలిముద్ర అరిగిపోయిందని అందరూ అనుకుంటారు. 330 అంటే బయోమెట్రిక్ లాక్ అయి ఉందని అర్థం. రేషను దగ్గర, కొత్త సిమ్ దగ్గర కూడా ఇంతే. పని ఉన్న రోజు ముందుగా తాత్కాలికంగా అన్‌లాక్ చేసుకోవాలి, కొద్ది నిమిషాల తర్వాత దానంతటదే మళ్లీ మూసుకుంటుంది. ప్రతి నెలా వేలు పెట్టే పెద్దవాళ్లకు, పక్కన ఫోన్ చూసేవాళ్లు లేకపోతే, లాక్ పెట్టకండి. బదులుగా ఆ ఖాతాలో డబ్బు తక్కువ ఉంచి, మిగతాది వేరే ఖాతాలో డిపాజిట్ చేయండి.

7. పెళ్లి బయోడేటా, ఉద్యోగం రెజ్యూమే

బయటికి పోయే కాగితాల్లో పెళ్లి బయోడేటాను మించినది లేదు. పుట్టిన తేదీ, సమయం, ఊరు, జీతం, ఆస్తులు, తండ్రి ఫోన్ నంబరు, ఆరు ఫొటోలు. పైగా "మేనమామలు" అని ఇంటిపేర్లతో సహా రాస్తాం. మేనమామ ఇంటిపేరంటే తల్లి పుట్టింటి ఇంటిపేరే. "మీ అమ్మగారి పుట్టింటి పేరు?" అన్నది పాస్‌వర్డ్ మరచిపోయినప్పుడు అడిగే పాత ప్రశ్న. అది ఇరవై వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది, పెళ్లయ్యాక కూడా తిరుగుతూనే ఉంటుంది.

రెండు బయోడేటాలు చేయండి.

గ్రూపుల్లో వేసేదానిలో: పేరులో మొదటి ముక్క మాత్రమే, వయసు (తేదీ వద్దు), నక్షత్రం, గోత్రం, చదువు, ఏ రంగంలో పని, ఒక ఫొటో, లోకం నంబరు. జీతం, ఆస్తి, అడ్రసు, కంపెనీ పేరు, మేనమామలు వద్దు.

రెండోది, అంటే పూర్తి బయోడేటా, జాతకం: రెండు వైపులా పెద్దలు మాట్లాడుకున్నాక, ఒక్కరికే, గ్రూపులో కాకుండా విడిగా. నక్షత్రం ఉంటే పొంతన చూసుకోవచ్చు, పుట్టిన నిమిషం దాకా మొదటి రోజే అక్కర్లేదు.

రెజ్యూమేలో పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఇంటి నంబరు, పాన్, ఆధార్, పాస్‌పోర్టు నంబరు ఏవీ ఉండక్కర్లేదు. ఊరి పేరు, ఈమెయిల్, లోకం నంబరు చాలు. "డిక్లరేషన్" కింద సంతకం స్కాన్ చేసి పెట్టే అలవాటు మానండి. విదేశీ ఉద్యోగం అని పాస్‌పోర్టు స్కాన్ అడిగితే, ఆ ఏజెంటు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ సైటులో నమోదైన వాడేనా అని చూశాకే ముందుకెళ్లండి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కాంబోడియా కేసులో కుర్రాళ్లకు చూపించింది డేటా ఎంట్రీ ఉద్యోగాలే. అక్కడికెళ్లాక వాళ్లచేత చేయించింది సైబర్ మోసాలు.

8. వీధిలో వదిలేసే ముక్కలు

టులెట్ బోర్డు మీద పేరు రాయకండి, లోకం నంబరే రాయండి. ఇల్లు చూడకుండా అడ్వాన్స్ వేస్తానన్న ప్రతి ఒక్కరికీ ఒకటే జవాబు: "మనిషిని పంపండి, ఇల్లు చూశాక చేతికివ్వండి." 2025 అక్టోబరు 1 నుంచి యూపీఐలో వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులు (అవతలివాళ్లు డబ్బు అడుగుతూ పంపేవి) ఆగిపోయాయి కాబట్టి, ఇప్పుడు క్యూఆర్ పంపడమో, స్క్రీన్ షేర్ చేయమనడమో ఎక్కువ.

ఆషాఢం సేల్ లక్కీ డ్రా కూపన్ మీద పుట్టినరోజు, పెళ్లిరోజు గడులు ఖాళీ వదిలేయండి. బిల్లింగ్ దగ్గర "నంబర్ చెప్పండి మేడమ్" అంటే వద్దనొచ్చు. చెప్పాల్సివస్తే లోకం నంబరు చెప్పండి, అదీ వరసలో వెనక నిలబడ్డవాళ్లకు వినిపించేలా అరవకుండా.

కొరియర్ పెట్టె మీది చీటీ చింపాకే పెట్టె పారేయండి. ఊడకపోతే నీళ్లు చల్లి రుద్దండి, లేదా నల్ల మార్కర్‌తో కొట్టేయండి.

9. ఇంట్లో పెద్దవాళ్లు

వాళ్ల ఫోన్‌లో పైన 3 నుంచి 5 దాకా విభాగాల్లో చెప్పినవన్నీ మీరే కూర్చుని చేయండి. ఫోన్‌లో వివరిస్తే జరగదు. తర్వాత ఒక అట్టముక్క మీద పెద్దక్షరాలతో ఇవి రాసి ఫోన్ ఛార్జింగ్ పెట్టేచోట అతికించండి:

- పోలీసులు వీడియో కాల్‌లో అరెస్టు చేయరు. "డిజిటల్ అరెస్ట్" అన్నది చట్టంలోనే లేదు.
- ఈ రాత్రి 9:30కి కరెంటు తీసేస్తామని మెసేజ్ వస్తే, పక్కింట్లో చూపించాలి. అందులోని నంబరుకు ఫోన్ చేయకూడదు.
- నిజమైన బ్యాంకు కాల్స్ 1600తో మొదలవుతాయి. అయినా ఓటీపీ చెప్పకూడదు.
- డబ్బు పోతే 1930 (సైబర్ మోసాల హెల్ప్‌లైన్).

మరొకటి, ఇంటి మాట. గొంతు అచ్చం మనవడిలాగే చేసి "తాతా, యాక్సిడెంట్ అయింది" అనే రోజులివి. ఇంట్లోవాళ్లకే తెలిసిన ఒక మాట పెట్టుకుని, డబ్బడిగితే అది చెప్పమనండి. దేవుడి పేరు వద్దు. ఉత్తరాంధ్రలో ఎవడైనా మొదటి దెబ్బకే అప్పన్న అంటాడు. పాత వీధిలో పక్కింటివాళ్లకు పెట్టుకున్న ముద్దుపేరు లాంటిది ఎంచుకోండి, ఎక్కడా టైపు చేయకండి, నోటితోనే చెప్పుకోండి.

10. ఇప్పటికే వివరాలు ఇచ్చేసి ఉంటే

డబ్బు పోకపోయినా, ఓటీపీయో కార్డు వివరాలో చెప్పేశారంటే ముందు బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. నంబరు కార్డు వెనక చూసి తీసుకోండి, గూగుల్‌లో వెతకొద్దు. అక్కడ కనిపించే కస్టమర్ కేర్ నంబర్లలో కొన్ని మోసగాళ్లవే. యాప్ ఏదైనా దింపి ఉంటే ముందు ఇంటర్నెట్ ఆపి, ఆ తర్వాతే దాన్ని తీసేయండి, వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి.

డబ్బు పోతే 1930కి వెంటనే. డబ్బు ఖాతా నుంచి ఖాతాకు దూకుతూ ఉంటుంది, చివరి ఖాతాలోంచి తీసేలోపు పట్టుకుంటేనే ఆగుతుంది. ఫోన్ చేసేటప్పుడు ఇవి చేతిలో ఉండాలి:

☐ డబ్బు పోయిన తేదీ, సమయం, మొత్తం
☐ లావాదేవీ నంబరు, యూపీఐలో అయితే పన్నెండంకెలు
☐ ఏ ఖాతాకు, ఏ యూపీఐ ఐడీకి పోయింది
☐ ఫోన్ చేసిన నంబరు, చాట్ స్క్రీన్‌షాట్లు

సిగ్గుతో చాట్ తుడిచేయకండి, సాక్ష్యం అదే. 1930 లైను దొరక్కపోతే జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో రాయండి. ఆ తర్వాత ఫిర్యాదు నంబరుతో దగ్గర్లోని స్టేషన్‌కో, నగర పోలీసు కమిషనరేట్ సైబర్‌క్రైమ్ స్టేషన్‌కో వెళ్లండి. డబ్బు పోకుండా అనుమానపు ఫోన్ మాత్రమే వస్తే సంచార్ సాథీలో "చక్షు" ఉంది, ఆ నంబరును అక్కడ నమోదు చేయండి.

ఫిర్యాదు ఇచ్చాక ఆ సంగతి ఫేస్‌బుక్‌లో రాయకండి, కాగితం ఫొటో పెట్టకండి. రెండు రోజుల్లో "సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు దొరికింది, రికవరీ ఫీజు 5,900 కడితే ఖాతాలో వేసేస్తాం" అని ఫోను వస్తుంది. మీ ఫిర్యాదు నంబరు కూడా చదివి వినిపిస్తారు.